డాన్ లెట్స్: ఏరి కూర్చే విద్య

మిత్రులందరికీ నమస్కారం.

సంగీతం, దుస్తులు, డాక్యుమెంటరీ సినిమా అన్నింటిలోనూ పేరు తెచ్చుకున్న మనిషిని బహుముఖ ప్రజ్ఞాశాలి అని పరిచయం చేయడం మన సభల ఆనవాయితీ. డాన్ లెట్స్‌లో నాకు మాత్రం ఒకే విద్య కనిపిస్తుంది. ఎక్కడెక్కడివో ఏరి తెచ్చి పక్కపక్కన పెట్టడం.

జమైకా నుంచి వలస వచ్చిన దంపతులకు 1956లో లండన్‌లో పుట్టారాయన. తండ్రికి సౌండ్ సిస్టమ్ ఉండేది, అంటే పెద్ద పెద్ద స్పీకర్లతో విందుల్లో పాటలు వేసే సరంజామా. ఇంట్లో జమైకా సంగీతమైన రెగె, బడిలో తెల్ల స్నేహితుల రాక్. డెబ్బయిల మధ్యలో లండన్‌లోని కింగ్స్ రోడ్డులో ‘ఆక్మీ అట్రాక్షన్స్’ అనే బట్టల కొట్టు చూసుకునేవారు. నేలమాళిగలో నీలం రంగు వదులు సూట్లు, జూక్‌బాక్సులు, పొద్దస్తమానం మోగే డబ్ రెగె, అంటే గాత్రం తగ్గించి డ్రమ్స్, బేస్ పెంచిన రెగె. కొనేవాళ్లకన్నా కూర్చుని వినేవాళ్లకే ఆ కొట్టు బాగా నచ్చి ఉంటుందని నా అనుమానం.

ఆ కొట్టు లెక్కలు చూసే వ్యక్తే పంక్ సంగీతం కోసం రాక్సీ క్లబ్బు తెరిచి, ఆయన్ను డీజేగా పెట్టారు. అది 1977 ఆరంభం. పంక్ అంటే వేగంగా, మొరటుగా సాగే రాక్; ఆ బృందాల రికార్డులు అప్పటికి నామమాత్రం. ఒక బృందం దిగి మరొకటి ఎక్కేలోపు ఏం వేయాలి? ఇంట్లో ఉన్న రెగెనే వేశారు. తెల్ల కుర్రకారు దానికి అలవాటు పడింది. పంక్ ప్యాంటు వేసుకుని వెళ్తే రెగె గాయకుడు బాబ్ మార్లీ మొదట ఎగతాళి చేశారని లెట్స్ చెబుతుంటారు. అదే ఏడాది మార్లీ ‘పంకీ రెగె పార్టీ’ పాడారు!

ఆ క్లబ్బులోనే సూపర్-8 అనే చిన్న ఫిల్మ్ కెమెరా పట్టారు. ఒక్కో రీలు మూడు నిమిషాలకు అటూ ఇటూ. ఏది తీయాలి, ఏది వదలాలి అన్నది అక్కడికక్కడే తేల్చుకోవాలి. ఆ ముక్కలే 1978లో ‘ది పంక్ రాక్ మూవీ’ అయ్యాయి. సినిమా బడి ముఖం ఆయన చూడలేదు.

దాని ఫలితం 1979లో క్లాష్ అనే పంక్ బృందం పాట ‘లండన్ కాలింగ్’కు వీడియో తీసేటప్పుడు తెలిసొచ్చింది. క్లాష్ బృందం థేమ్స్ ఒడ్డున రేవు మీద, కెమెరా పడవలో. నదికి ఆటుపోట్లు ఉంటాయని దర్శకుడికి తెలియదు. నీరు తీసేసరికి కెమెరా చాలా కిందికి దిగిపోయింది, పడవ నిలకడగా ఉండదు. అన్నీ సర్దుకునేసరికి చీకటి పడింది, పైగా వాన. ఇవాళ ఆ వీడియోకు అందం ఆ వానే.

1984లో క్లాష్ మాజీ గిటారిస్టు మిక్ జోన్స్‌తో కలిసి బిగ్ ఆడియో డైనమైట్ బృందం. లెట్స్‌కు కీబోర్డు రాదు. మెట్లు గుర్తుండటానికి రంగు స్టిక్కర్లు అంటించుకున్నారు. సినిమా సంభాషణల ముక్కలు పాటల్లో ఇమడ్చడం ఆయన వంతు. కొట్టులోనూ క్లబ్బులోనూ చేసిన పనే ఇదీ.

క్లాష్ మీద తీసిన డాక్యుమెంటరీకి 2003లో గ్రామీ సంగీత పురస్కారం వచ్చింది. నా ఓటు మాత్రం గరుకుగా ఉన్న ఆ 1978 చిత్రానికే. అందులోంచి కొంత భాగం ఇప్పుడు చూద్దాం. ప్రశ్నలు ఆ తర్వాత.