వీపున రెక్క లేని తిమింగలం

సభకు నమస్కారం. ఉత్తర అట్లాంటిక్ రైట్ వేల్ అనే తిమింగలాలు ఇప్పుడు సుమారు 380 మిగిలాయి. అందులో ఈనే ఆడవి సుమారు 70. దీని ఒళ్లు ఎలా ఉంటుందో తెలిస్తే ఎందుకు చస్తోందో సగం తెలిసినట్టే.

పొడవు 13 నుంచి 16 మీటర్లు, బరువు 70 టన్నులదాకా. పొడవులో పావువంతుకు పైగా తలే. ఒళ్లంతా నలుపు, కొన్నిటికి పొట్టమీద తెల్ల మచ్చలు. వీపున రెక్క లేదు. ఊపిరి వదిలితే తుంపర రెండు పాయలుగా లేస్తుంది. ఎదురుగానో వెనకనుంచో చూస్తేనే సుమా, పక్కనుంచి ఒకే పాయలా ఉంటుంది.

తలమీద తెల్లగా కనిపించే గరుకు దిమ్మలుంటాయి. మనకు మీసం, గడ్డం, కనుబొమలు ఉండేచోటే! ఆ తెలుపు చర్మానిది కాదు, వాటిమీద గుంపులుగా పాకే సయామిడ్లది, అంటే తిమింగలం పేలది. అవి రొయ్యలకు దూరపు చుట్టాలు. ఏ రెండు తిమింగలాలకూ దిమ్మల అమరిక ఒకటి కాదు. అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ అక్వేరియం వారి కేటలాగులో ఒక్కోదాన్ని గుర్తుపట్టేది దీన్నిబట్టే. పుట్టిన పిల్లకు దిమ్మలుండవు. కొన్ని నెలలదాకా తల్లినిబట్టే పిల్లను పోల్చుకోవాలి.

మేతకు నోరు తెరుచుకునే ఈదుతుంది. నోట్లో ఒక్కో పక్కకు 200కు పైగా వేలాడే బలీన్ పలకలు నీటిని వడగట్టి బియ్యపు గింజంత ఉండే కోపిపాడ్లనే జీవులను ఆపుతాయి. చిక్కంతా ఇక్కడే. లాబ్‌స్టర్, పీతల బోనులనుంచి పైన తేలే బోయాదాకా నిలువుగా తాడుంటుంది. అది నోట్లో దూరి పలకల్లో ఇరుక్కుంటుంది. బెదిరి దొర్లితే ముందు రెక్కలకూ, తోక మొదలుకూ చుట్టుకుంటుంది. నెలల తరబడి ఈడ్చేసరికి కొవ్వు కరిగిపోతుంది, చూలు నిలవదు. ఒకప్పుడు మూడు నాలుగేళ్లకోసారి ఈనేది, ఇప్పుడు ఆరేళ్లు, పదేళ్లు పడుతోంది. 85 శాతానికి పైగా ఒక్కసారైనా తాడులో పడ్డవే.

రెండో గండం ఓడ. నలుపు, రెక్కలేని వీపు, పైపైనే ఈదే అలవాటు, ఇక ఓడవాళ్ల కంటికి ఏం ఆనుతుంది? అమెరికా 2008 నుంచి కొన్ని తీరాల్లో, కొన్ని నెలలపాటు, 65 అడుగులూ ఆపైన ఉన్న ఓడలకు 10 నాట్ల (గంటకు సుమారు 18.5 కిలోమీటర్ల) వేగం హద్దు పెట్టింది. నీళ్లు వేడెక్కి మేత జాగా మారితే ఇవి కెనడాలోని సెయింట్ లారెన్స్ గల్ఫ్‌కు మళ్లాయి. అక్కడ అప్పటికి తగిన కట్టడి లేదు. 2017లో చనిపోయిన 17లో 12 కెనడా నీళ్లలోనే. 1935లోనే వేట నిషేధించినా, 2020లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) దీన్ని అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది.

ఇక తాడు గండానికి విరుగుడు చూద్దాం. సుమారు 770 కిలోల లాగుడుకే తెగే తాడు పెద్దవాటికి పనికొస్తుంది, పిల్లలకు తెంచే బలం చాలదు. నా లెక్కలో మేలైనది నిలువు తాడే లేని బోను. పడవనుంచి ధ్వని సంకేతం పంపితే అడుగున కట్టిన సంచీ గాలి నిండి పైకొస్తుంది. ఖరీదు ఎక్కువ. పైన బోయా ఉండదు గనక ఒకరి బోనులమీద ఇంకొకరు వల ఈడ్చే ప్రమాదమూ ఉంది. కాబట్టి ఎవరి బోను ఎక్కడుందో అన్ని పడవల తెరమీదా కనిపించే ఏర్పాటు ముందు కుదరాలి.