సంపు మోటార్ నీళ్లు ఎక్కించట్లేదా? ముందు దాని శబ్దం వినండి

[దృశ్యం: తెల్లవారుజాము. సంపు పక్కన చిన్న మోటార్. స్విచ్ వేస్తున్న చెయ్యి.]

నమస్కారం అండీ. పొద్దున్నే స్విచ్ వేశారు. పైన ట్యాంకులోకి చుక్క కూడా రావట్లేదు. ఒకరికి ఆఫీసు, ఒకరికి స్కూలు, వంటింట్లో గిన్నెలు అలాగే ఉన్నాయి. టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది? ఫోన్ చేస్తే "వైండింగ్ కాలిపోయి ఉంటుంది" అన్న మాట వినిపిస్తుంది. వైండింగ్ అంటే మోటార్ లోపలి తీగ చుట్ట. అప్పుడే ఒప్పుకోకండి. ఒక్క నిమిషం మోటార్ పక్కన నిలబడి శబ్దం వినండి. తిరుగుతూ నీళ్లు లాగకపోవడం ఒక జబ్బు, తిరగకుండా మూలగడం ఇంకో జబ్బు. రెండింటికీ మందు వేరు.

[శబ్దం: మోటార్ తేలిగ్గా, ఖాళీగా తిరుగుతున్న చప్పుడు.]

ఇది మొదటి రకం. మోటార్ హాయిగా తిరుగుతోంది, పైపులో మాత్రం గాలి పట్టింది. సంపులో నీళ్లున్నాయో లేదో ముందు మూత తీసి చూడండి. ఉంటే అనుమానం ఫుట్‌వాల్వ్ మీదే. సంపులోకి దిగిన పైపు చివర జాలీతో ఉండేది అదే. నీళ్లు పైకి వెళ్లనిస్తుంది, వెనక్కి పడిపోనివ్వదు. అది సరిగ్గా మూసుకోకపోతే రాత్రికి రాత్రే పైపు ఖాళీ అయిపోతుంది.

మా ఇంట్లో నెల రోజులు ఇదే గొడవ. అమ్మ రోజూ చెంబుతో నీళ్లు తెచ్చి మోటార్ పైన నీళ్లు పోసే కన్నానికి ఉండే ప్రైమింగ్ బిరడా విప్పి పోసేది. పోస్తే పనిచేసేది, మర్నాటికి మళ్లీ మొదటికే వచ్చేది. ఒక ఆదివారం మోటార్ దగ్గర పైపుని కలిపే యూనియన్ విప్పి, అన్నయ్యా నేనూ కలిసి పైపు పైకి లాగాం.

[క్లోజప్: అరచేతిలో ఇత్తడి ఫుట్‌వాల్వ్. వేలితో లోపలి మూతను కదిపి చూపించాలి.]

లోపల ఈ మూతకీ వాషర్‌కీ మధ్య చింతపిక్కంత రాయి ఇరుక్కుంది. అంతే. పాత టూత్‌బ్రష్‌తో ఇసుకంతా కడిగి, అరిగిన వాషర్ మార్చి మళ్లీ దించాం. అమ్మ చెంబు వంటింట్లోకి వెళ్లిపోయింది.

మీరు పైపు లాగక ముందే ఒక పరీక్ష చెయ్యచ్చు. మోటార్ ఆపి, ప్రైమింగ్ కన్నం నిండా నీళ్లు పోసి, బిరడా పెట్టకుండా పది నిమిషాలు ఆగండి. నీటి మట్టం దిగిపోతూ ఉండి, బయట ఎక్కడా తడి లేకపోతే ఫుట్‌వాల్వ్ కారుతున్నట్టు. మోటార్‌కీ సంపుకీ మధ్య ఏదైనా జాయింటు చెమర్చితే లీకు అక్కడే. ఆగినప్పుడు నీళ్లు కారే జాయింటే, తిరిగేటప్పుడు గాలి పీలుస్తుంది. విప్పి టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తే సరిపోతుంది. ఫుట్‌వాల్వ్ సంపు అడుగుకి ఆనకుండా అరడుగు పైన ఉంటే బురద కూడా లాగదు.

[శబ్దం: "మ్‌మ్‌మ్" అని మూలుగు.]

ఇది రెండోది. వెంటనే స్విచ్ ఆపెయ్యండి. తిరగని మోటార్‌కి కరెంటు వదిలేస్తేనే వైండింగ్ నిజంగా కాలిపోతుంది. మెయిన్ కూడా ఆపి, వెనకాల ఫ్యాన్ కవర్ తీసి, ఫ్యాన్‌ని చేత్తో తిప్పండి. సులువుగా తిరిగితే, మోటార్ తిరగడం మొదలుపెట్టడానికి ఊతమిచ్చే కెపాసిటర్ పోయి ఉండొచ్చు. దాని మీద రాసి ఉన్న విలువదే కొత్తది వెయ్యాలి. కానీ కరెంటు ఆపాక కూడా కెపాసిటర్‌లో చార్జ్ ఉంటుంది. దాని తీగలు ముట్టుకోకండి, ఆ పని ఎలక్ట్రీషియన్‌కే వదిలెయ్యండి. ఫ్యాన్ బిగుసుకుపోయి ఉంటే లోపల తుప్పు పట్టి ఉండొచ్చు. వేసవి సెలవులకి ఊరెళ్లి వచ్చాక ఇలా జరుగుతుంటుంది. ఎండాకాలంలో వోల్టేజ్ బాగా పడిపోయినా ఇదే మూలుగు వస్తుంది. పక్కింటివాళ్లని కూడా ఒకసారి అడగండి.

మోటార్‌కీ పంపుకీ మధ్య నుంచి బొట్టుబొట్టుగా నీళ్లు కారుతున్నాయా? అది సీల్ కారడం. తిరిగే ఇరుసు చుట్టూ నీళ్లు బయటికి రాకుండా ఆపేదే సీల్. దాన్ని చల్లగా ఉంచేది లోపలి నీళ్లే. ఖాళీ సంపు మీద మోటార్ తిప్పితే సీల్ మాడిపోతుంది. కారడం మొదలైన వారంలోనే మార్పిస్తే చిన్న ఖర్చుతో పోతుంది. వదిలేస్తే నీళ్లు బేరింగ్‌లోకి చేరి గరగరమని శబ్దం వస్తుంది, తర్వాత వైండింగ్ వంతు. సంపులో నీళ్లు తగ్గితే తనంతట తానే ఆగేలా ఫ్లోట్ స్విచ్ పెట్టించుకుంటే ఈ గొడవ చాలా వరకు ఉండదు.

[దృశ్యం: సంపు మూత తెరిచి ఉంది. నెమ్మదిగా లోపలికి.]

ఇప్పుడు చెప్పేది దయచేసి దాటవేయకండి. సంపు కడగడానికి ఒంటరిగా ఎప్పుడూ దిగొద్దు. చాలా రోజులు మూసి ఉన్న సంపులో ఊపిరికి చాలినంత ఆక్సిజన్ ఉండకపోవచ్చు, వాసన కూడా ఏమీ రాకపోవచ్చు. దిగిన మనిషి సొమ్మసిల్లితే, కాపాడదామని ఇంకొకరు వెంటనే దిగి వాళ్లూ పడిపోతారు. రెండు ప్రాణాలు అలాగే పోతాయి. మూత గంటల తరబడి తీసి ఉంచండి, ఫ్యాన్‌తో లోపలికి గాలి కొట్టండి, మోటార్ ప్లగ్ పీకెయ్యండి, పైన ఒక మనిషి ఉండాలి. ఎవరైనా పడిపోతే దిగకుండా 101కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యండి. పని అవ్వగానే మూత వేసి గొళ్లెం పెట్టండి, ఇంట్లో పిల్లలుంటారు.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకి ఇంకో మాట. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో పడిన వాన గుర్తుందా? ఎన్నో సెల్లార్లు నిండిపోయాయి. అలా మునిగిన మోటార్‌ని నీళ్లు తీసేశాక కూడా స్విచ్ వెయ్యకండి. ఆరబెట్టించి, కరెంటు బయటికి లీకవుతోందేమో చూసే ఇన్సులేషన్ పరీక్ష ఎలక్ట్రీషియన్‌తో చేయించాకే వెయ్యాలి. సెల్లార్ గుంతలో నీళ్లు తోడే పంపు ఏడాదంతా పనిలేకుండా ఉండి, సరిగ్గా వాన రోజునే మొరాయిస్తుంది. జూన్ రాకముందే వాచ్‌మన్‌ని పిలిచి, గుంతలోకి నాలుగు బకెట్లు పోయించండి.

[క్లోజప్: నీళ్లు పెరుగుతుంటే ఫ్లోట్ తేలుతోంది. పంపు ఆన్ అయిన శబ్దం.]

ఫ్లోట్ లేవాలి, పంపు తనంతట తాను తిరగాలి, నీళ్లు రోడ్డు పక్క వాన కాలువలో పడాలి. ఫ్లోట్ వైరు పైపుకి చుట్టుకుని ఉంటే ఇప్పుడే విడదియ్యండి.