రాత్రిళ్లు చేతులు తిమ్మిరెక్కుతున్నాయా? పని మానకుండా ఏం మార్చుకోవచ్చో చూద్దాం

నమస్తే అండి. అర్ధరాత్రి చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వచ్చి, లేచి కూర్చుని కాసేపు విదిలించుకుంటే గానీ మళ్లీ నిద్ర పట్టడం లేదా? అయితే ఈ వీడియో మీకోసమే. బట్టలు కుట్టేవాళ్లు, ఇళ్లల్లో గిన్నెలు తోమేవాళ్లు, రంగులు వేసేవాళ్లు, పొద్దస్తమానం సుత్తీ ఉలీ పట్టుకునేవాళ్లు, అంటే సెలవు గానీ ఇన్సూరెన్స్ గానీ లేకుండా చేతుల మీద బతికేవాళ్లందరికీ చెబుతున్నాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో ఇచ్చిన లెక్క ప్రకారం ప్రపంచంలో ఇలా అసంఘటిత పనుల్లో ఉన్నవాళ్లు 200 కోట్ల మంది. వాళ్లతో డాక్టర్ "ఒక నెల చేతికి రెస్ట్ ఇవ్వండి" అంటే, మాట సరైనదే, కానీ పీసుకింత అని కూలి తీసుకునే మనిషి నెల రోజులు ఎలా గడపాలి?

అందుకే ముందు ఒకటి చేసి చూడండి. కుడి చెయ్యి చాచి గట్టిగా పిడికిలి బిగించండి. ఇప్పుడు వదిలేసి, మణికట్టుని లోపలివైపుకి పూర్తిగా వంచి, వంచినది వంచినట్టే ఉంచి మళ్లీ బిగించండి. బిగుసుకోవట్లేదు కదా?

మణికట్టు లోపల ఒక ఇరుకు దారి ఉంది, కార్పల్ టన్నెల్ అంటారు. వేళ్లని ముడిచే తొమ్మిది టెండన్లు, అంటే కండని ఎముకతో కలిపే తాళ్లలాంటివి, వాటితోపాటు ఒక నరం అందులోంచే వెళ్తాయి. మణికట్టు వంగితే ఆ నరం మీద ఒత్తిడి పెరుగుతుంది, పైగా పట్టు తగ్గుతుంది, పట్టు తగ్గింది కాబట్టి మనం ఇంకా బలంగా పట్టుకుంటాం, అదే పని రోజుకి వేలసార్లు జరిగితే లోపల వాపు వచ్చి నరం ఇంకా నలుగుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేలిలో సగం ఈ నరం కిందివే. చిటికెనవేలు కాదు. కాబట్టి ఏ వేళ్లకి తిమ్మిరి వస్తోందో గుర్తుపెట్టుకోండి, డాక్టర్‌కి అది చాలా పనికొస్తుంది.

ఇప్పుడు తడి దుప్పటి పిండడం చూపిస్తాను, ఎందుకంటే మణికట్టుకి దీనంత కష్టం పెట్టే పని నాకు తెలిసి తక్కువ. మామూలుగా రెండు చేతులతో చెరోవైపు మెలిపెడతాం, మణికట్టు రెండువైపులా విరిగినట్టు వంగుతుంది. అలా కాకుండా, దుప్పటిని గట్టి పైపుకో స్తంభానికో చుట్టి రెండు కొసలూ కలిపి పట్టుకోండి. మణికట్టు నిటారుగా ఉంచి, చెయ్యి మొత్తం మోచేతి నుంచి తిప్పండి. చూశారా, నీళ్లు అలాగే కారుతున్నాయి, బలం మాత్రం ముంజేతి నుంచీ భుజం నుంచీ వస్తోంది.

పనిముట్టు పిడి సన్నగా ఉన్నా ఇదే గొడవ. పాత సైకిల్ ట్యూబు ముక్కో గుడ్డ పీలికో చుట్టండి. పట్టుకున్నప్పుడు బొటనవేలి కొస చూపుడువేలి కొస మీదికి కొంచెం వచ్చేంత లావు చాలు. కత్తి, కత్తెర మొద్దుబారితే వెంటనే సాన పట్టించండి. గంటకోసారైనా చేతులు కిందికి వేలాడేసి ఒక నిమిషం వదులుగా ఉంచండి, ఆ నిమిషం వృథా అనుకోకండి.

రాత్రి మణికట్టు మడిచి పడుకుంటాం, తిమ్మిరి ఎక్కువయ్యేది అందుకే. మణికట్టుని తిన్నగా ఉంచే పట్టీలు, స్ప్లింట్ అంటారు, మందుల షాపుల్లో దొరుకుతాయి. బిగించి కట్టకండి.

ఒక్క విషయం మాత్రం బతిమాలి చెబుతున్నాను. నొప్పి మాత్ర వేసుకుని పనికి వెళ్లిపోవడం అలవాటు చేసుకోకండి. మా అమ్మ ఏళ్ల తరబడి అలాగే మిషన్ కుట్టింది, గ్లాసు చేతిలోంచి జారిపడేదాకా మేమెవరం పట్టించుకోలేదు. తిమ్మిరి పగలు కూడా వదలకపోయినా, వస్తువులు జారిపోతున్నా, బొటనవేలి మొదట్లో ఉండే కండ పల్చబడినా ఆలస్యం చేయకండి, నరం బాగా దెబ్బతిన్నాక ఆపరేషన్ చేసినా స్పర్శ పూర్తిగా రాకపోవచ్చు. డాక్టర్ దగ్గర "చేతులు నొప్పి" అని ఊరుకోకుండా, ఏ పని, రోజుకి ఎన్ని గంటలు, ఎన్నేళ్లుగా, ఏ వేళ్లు, ఇవన్నీ చెప్పండి. వీలైతే మీ పనిముట్టు కూడా వెంట తీసుకెళ్లి, ఎలా పట్టుకుంటారో చూపించండి.