లెక్కకు అందని పల్లె: ఇరాన్ గ్రామ జనాభా, స్థానిక పాలన

సభకు నమస్కారం.

ఇరాన్ మధ్యభాగంలో, ఇస్ఫహాన్ రాష్ట్రంలోని నతంజ్ జిల్లాలో, కర్కస్ పర్వత సానువుల మీద ఎర్రమట్టి గోడల అబ్యానే అనే గ్రామం ఉంది. 2006 జనగణనలో అక్కడ తేలిన జనాభా 300కు కొంచెం అటూ ఇటూ. కుటుంబానికి సగటున ఇద్దరే. పిల్లలు, మనవలు చాలామంది టెహ్రాన్ వంటి నగరాల్లో స్థిరపడ్డారు. వేసవి సెలవులకు, మొహర్రం ఊరేగింపులకు వారు తిరిగి వచ్చినప్పుడు ఊరు నిండుతుంది. జనగణన మాత్రం శరదృతువులో జరుగుతుంది, అప్పుడు అక్కడ కాపురమున్న వారినే నమోదు చేస్తుంది. ఇరాన్‌లో ఒక పల్లెకు దక్కే పాలనాధికారం ఇటువంటి అంకె మీదే ఆధారపడి ఉంది కనుక, ఈ రోజు నా ప్రసంగాన్ని దాని చుట్టూనే నడుపుతాను.

పూర్వం ఇరాన్ గ్రామాలలో ఎక్కువ భాగం భూస్వాముల చేతుల్లో ఉండేవి. గ్రామపెద్దను కద్‌ఖుదా అనేవారు. భూస్వామి ఎంచిన మనిషే సాధారణంగా ఆ పదవిలో కుదురుకునేవాడు. కాలువ నీటి తగాదా నుండి పంట పంపకం దాకా అతని మాటే చెల్లేది. 1962లో మొదలైన భూసంస్కరణలు భూస్వామి పట్టును సడలించాయి. అయితే భూమి దక్కింది అప్పటికే సాగుహక్కు ఉన్న రైతులకే. ఆ హక్కు లేని కూలీ కుటుంబాలు రిక్తహస్తాలతో మిగిలిపోయాయి. పట్టణాల బాట పట్టినవారిలో వీరే ఎక్కువని నేను భావిస్తాను. 1956లో దేశ జనాభాలో మూడింట రెండు వంతులకు పైగా గ్రామీణులు ఉండగా, 2016 నాటికి వారి వాటా సుమారు 26 శాతానికి తగ్గింది.

ఇక పాలన సంగతి. రాష్ట్రాన్ని ఒస్తాన్, జిల్లాను షహ్రెస్తాన్, దాని విభాగాన్ని బఖ్ష్, కొన్ని గ్రామాల సముదాయాన్ని దెహెస్తాన్ అంటారు. ఈ మెట్లన్నిటిపైనా అధికారులను ప్రభుత్వమే నియమిస్తుంది. ప్రజలు ఓటు వేసి తమవారిని ఎన్నుకునేది అట్టడుగున, గ్రామ మండలికి. గ్రామ మండళ్ల ప్రస్తావన 1979 రాజ్యాంగంలోనే ఉన్నా, తొలి ఎన్నికలు జరగడానికి 1999 ఫిబ్రవరి వరకు పట్టింది; ఇరవై ఏళ్ల ఆ జాప్యం చిన్నది కాదు. 1998 నాటి చట్టం గ్రామానికి దెహ్యారీ అనే కార్యాలయాన్ని ఇచ్చింది. దాని అధిపతి దెహ్యార్‌ను మండలి ఎంపిక చేస్తుంది, బఖ్ష్ అధికారి నియామక ఉత్తర్వు ఇస్తాడు. వీధుల శుభ్రత, ఇళ్ల నిర్మాణ అనుమతులు, శ్మశానాల నిర్వహణ వంటి పనులన్నీ అతనివే. మన సర్పంచిని ప్రజలు నేరుగా ఎన్నుకుంటారు. దెహ్యార్ మండలికి జవాబుదారీగా ఉంటూనే, పైఅధికారి సంతకం లేనిదే కుర్చీ ఎక్కలేడు.

చట్టం దృష్టిలో గ్రామమంటే కనీసం 20 కుటుంబాలో, 100 మందో నివసించే చోటు. అంతకంటే చిన్న పల్లెకు సాధారణంగా సొంత మండలి ఉండదు. రెండు మూడు గడపలే మిగిలిన చోట, కుటుంబాల వివరాలు బయటపడకూడదని జనగణన పట్టికలు జనాభా అంకెను కూడా చూపవు. ఆ గోప్యత సబబే. కానీ మండలి లేని పల్లెలో రోడ్డు పాడైతే అడిగే నోరు ఉండదు, రోడ్డు లేని పల్లెలో ఉన్న నాలుగు కుటుంబాలూ నిలవవు. విలువ ఆధారిత పన్నులో దెహ్యారీలకు వచ్చే వాటాలోనూ జనాభాకు ప్రాధాన్యం ఉంది కాబట్టి, జనం తగ్గిన ఊరికి నిధులూ తగ్గుతాయి.

జనగణన కంటే ఊరికి దగ్గరి లెక్క ఒకటి ఇరాన్ గ్రామాల్లోనే ఉంది. 1980ల నుండి విస్తరించిన గ్రామ ఆరోగ్య గృహాల్లో, ఆ ప్రాంతం నుండే ఎంపికై శిక్షణ పొందిన బెహ్‌వర్జ్ అనే కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి జనన మరణాలు నమోదు చేస్తారు. ఆ వివరాలతో గోడ మీది పటాన్ని ఏటా నింపుతారు. పెద్ద గ్రామంతో పాటు చుట్టుపక్కల చిన్న పల్లెలూ ఆ లెక్కలోకి వస్తాయి. ఇంత చిన్న పల్లెల విషయంలో పాలనా నిర్ణయాలకు జనగణన ఒక్కటే కాక, ఈ నమోదు పుస్తకాలను కూడా ప్రమాణంగా తీసుకోవాలనీ, మండలికి అర్హత లేని పల్లెలను పక్క గ్రామ మండలిలో ఒక స్థానంతో కలపాలనీ నా అభిప్రాయం.