పెర్ల్‌లో ఫ్లాక్ పెట్టినా ఫైల్ ఎందుకు పాడవుతోంది?

అందరికీ నమస్తే. ఒక పెర్ల్ స్క్రిప్ట్ ఉంది. ఫోర్క్ చేసిన (అంటే అసలు ప్రాసెస్ తన కాపీలుగా పుట్టించిన) నాలుగు ప్రాసెస్‌లు ఒకే కౌంటర్ ఫైల్‌లో అంకె పెంచుతుంటాయి. ఒకరు వాడుతుంటే మిగతావాళ్లు ఆగేలా ఫైల్‌కి తాళం వేసే ఫ్లాక్ కూడా పెట్టారు. అయినా లెక్క తగ్గుతోంది, ఒక్కోసారి ఫైలే ఖాళీ అయిపోతోంది. ఫ్లాక్‌ని తిట్టకండి. దాన్ని ఎక్కడ పిలిచారో చూద్దాం.

ఆ స్క్రిప్ట్‌లో ఫైల్ తెరిచే ఓపెన్ లైన్ చూడండి. మోడ్ దగ్గర '>' ఉంది కదా, అది తెరిచీ తెరవగానే ఫైల్‌ని సున్నా బైట్లకు తుడిచేస్తుంది. ఫ్లాక్ ఉన్నది ఆ కింది లైన్‌లో. అంటే లాక్ దొరక్కముందే పక్క ప్రాసెస్ రాసిందంతా పోయింది!

అందుకని '+<' తో తెరవండి. ఫైల్ ముందే ఉండాలి, లేకపోతే ఓపెన్ ఫెయిలవుతుంది. తర్వాత ఎక్స్‌క్లూజివ్ లాక్ (ఒక్కరికే దొరికే లాక్) తీసుకుని, పాత అంకె చదివి, సీక్‌తో మొదటికొచ్చి, ట్రంకేట్‌తో పాతది తుడిచి, కొత్తది రాసి క్లోజ్ చేయండి. చదవడం కూడా లాక్ లోపలే. బయట చదివారంటే రెండు ప్రాసెస్‌లూ 41 చూసి, రెండూ 42 రాస్తాయి.

విడిగా అన్‌లాక్ అక్కర్లేదు. క్లోజ్ చేస్తే బఫర్‌లో (మెమరీలో తాత్కాలికంగా) ఉన్నది ఫైల్‌లోకి వెళ్లి, లాక్ కూడా వదులుతుంది. కానీ ఫ్లాక్ పక్కన 'ఆర్ డై' (లాక్ ఫెయిలైతే స్క్రిప్ట్‌ని అక్కడే ఆపేది) మాత్రం మరిచిపోవద్దు.

ఇప్పుడు చాలామంది బోల్తా పడే చోటు. పేరెంట్‌లో, అంటే అసలు ప్రాసెస్‌లో, ఫైల్ తెరిచేసి ఆ తర్వాత ఫోర్క్ చేస్తారు. లినక్స్‌లో ఫ్లాక్ ప్రాసెస్ పేరు మీద ఉండదు, తెరిచిన ఆ ఓపెన్ మీద ఉంటుంది. పిల్ల ప్రాసెస్‌లన్నీ ఆ ఒక్క ఓపెన్‌నే పంచుకుంటాయి కాబట్టి, ఒకే తాళంచెవి ఉన్న ఇంటివాళ్లలా అందరూ లోపలికి వచ్చేస్తారు. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. ఒక్క ప్రాసెస్ అన్‌లాక్ చేస్తే అందరి లాకూ ఊడిపోతుంది. ఫైల్‌లో ఎక్కడున్నామన్న స్థానం కూడా ఉమ్మడే. కాబట్టి ఫోర్క్ అయ్యాక ప్రతి చైల్డ్ తన ఓపెన్ తనే చేసుకోవాలి.

ఇంకోటి, ఈ లాక్ మాట మీద నడిచేది. ఫ్లాక్ పిలవని వేరే స్క్రిప్ట్‌ని ఇది ఆపదు.

కొత్త ఫైల్ రాసి, పాతదాని మీదకి రీనేమ్ చేసే అలవాటు ఉంటే డేటా ఫైల్‌ని లాక్ చేయకండి. రీనేమ్ అయ్యాక మీ లాక్ పాత ఫైల్ మీదే మిగిలిపోతుంది. పక్కన విడిగా ఒక ఖాళీ లాక్ ఫైల్ పెట్టడమే నాకు నచ్చిన పద్ధతి. పని అయ్యాక శుభ్రంగా ఉంటుందని దాన్ని డిలీట్ చేశారో, పాత ఫైల్‌ని పట్టుకున్నవాడికీ, అదే పేరుతో కొత్తది సృష్టించినవాడికీ ఇద్దరికీ లాక్ దొరుకుతుంది. దాన్ని అలాగే వదిలేయండి.