సైకియాట్రీ పోస్టింగ్‌కు వెళ్లే ముందు

అందరికీ నమస్కారం. సోమవారం నుంచి మీ నర్సింగ్ బ్యాచ్‌కు సైకియాట్రీ పోస్టింగ్, అంటే మానసిక రోగుల వార్డులో డ్యూటీ. ఇంట్లో చెప్పే ఉంటారు, వాళ్లూ "జాగ్రత్తమ్మా, మీద పడతారేమో" అనే ఉంటారు. అలాంటి రోజులు అసలు ఉండవని నేననను. కానీ ఆ వార్డులో మీరు చూసేవాళ్లలో ఎక్కువమంది తామే భయపడుతున్నవాళ్లు, గోడవైపు తిరిగి పడుకున్నవాళ్లు. మీకు వచ్చే అసలు ఇబ్బంది వేరు. మెడికల్ వార్డులో చేతికి ఎప్పుడూ పని ఉంటుంది: బీపీ, డ్రిప్, డ్రెస్సింగ్. ఇక్కడ మొదటి రోజు చేతులు ఖాళీ. పేషెంట్ ఎదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో తోచదు. కాసేపటికి అందరూ నర్సింగ్ స్టేషన్ దగ్గర గుంపుగా చేరతారు. ఏ బ్యాచ్ అయినా అంతే.

అందుకే ముందే చెబుతున్నా. ఇక్కడ పేషెంట్‌తో మాట్లాడటం మంచితనం కింద లెక్క కాదు, అది డ్యూటీ. కాన్యులా (డ్రిప్ ఎక్కించే సూది గొట్టం) పెట్టడం చేసి చేసి ఎలా నేర్చుకున్నారో ఇదీ అలాగే నేర్చుకోవాలి.

ఈ సంగతిని శాస్త్రంగా నిలబెట్టినావిడ అమెరికాకు చెందిన నర్సు హిల్డెగార్డ్ పెప్లౌ. ఆవిడ పుస్తకం 1948కే పూర్తయింది. డాక్టర్ పేరు పక్కన లేకుండా ఒక నర్సు సొంతంగా పుస్తకం వేయడమేమిటని ఆగి ఆగి, 1952లో అచ్చయింది. నర్సుకూ పేషెంటుకూ మధ్య నడిచే సంబంధమే చికిత్సలో భాగం అన్నది ఆవిడ వాదన. అదే 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రొమజైన్ అనే మందును మానసిక రోగులకు ఇవ్వడం మొదలైంది. మందుకు ప్రపంచమంతా పేరొచ్చింది. పెప్లౌ మాత్రం మన పరీక్షల్లో పది మార్కుల ప్రశ్నగా మిగిలింది! నర్సు పోషించే పాత్రల్లో ఆవిడ మొదట చెప్పింది అపరిచితురాలి పాత్ర. అంటే యూనిఫాం వేసుకున్నాం కాబట్టి పేషెంట్ మనల్ని నమ్మేయాలని రూలేం లేదు. పేరు చెప్పుకోవాలి, ఎందుకొచ్చామో చెప్పాలి, రేపు పదింటికి వస్తానంటే పదింటికి రావాలి. నమ్మకం అక్కడ మొదలవుతుంది.

ఒక పేషెంట్ అన్నం ముట్టడు. "విషం కలిపారు" అంటాడు. మీరు "అదేం లేదు, అందరూ తింటున్నారు కదా" అంటే వాదన మొదలవుతుంది, అందులో మీరు గెలవలేరు. అలాగని "అవునా, ఎవరు కలిపారు?" అని ఆయన మాటకు వంత పాడినా తప్పే. "భయంగా ఉన్నట్టుంది, మీ దగ్గరే కూర్చుంటాను" అని, సీలు తీయని బిస్కెట్ ప్యాకెట్, తొక్క తీయని అరటిపండు ముందు పెట్టండి. ఆయన చేత్తోనే విప్పుకోనివ్వండి. కొందరు తింటారు, కొందరు తినరు. తిన్నా తినకపోయినా, ఎంత తిన్నాడు, ఎన్ని నీళ్లు తాగాడు అన్నది చార్టులో ఎక్కాలి.

చెవిలో గొంతులు వినపడుతున్నాయన్నవాళ్లతోనూ అంతే. "నాకు వినపడటం లేదు, మీకు మాత్రం వినపడుతున్నాయని అర్థమవుతోంది" అనండి. ఆ వెంటనే "ఏమంటున్నాయి?" అని అడగడం మర్చిపోవద్దు. చచ్చిపొమ్మనో, ఫలానావాళ్లను కొట్టమనో ఆ గొంతు చెబుతుంటే, అది అప్పటికప్పుడు డాక్టరుగారికి చేరాల్సిన విషయం.

చనిపోవాలనిపిస్తోందా అని అడగడానికి మనవాళ్లకు నోరు రాదు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని టెన్షన్. పుట్టదు. సూటిగా, మామూలు గొంతుతో అడగండి. "ఎవరికీ చెప్పనంటే ఒకటి చెబుతా సిస్టర్" అంటే మాత్రం ఒప్పుకోవద్దు. "మీ ప్రాణానికి సంబంధించిందైతే చెప్పక తప్పదు" అని ముందే చెప్పేయండి. డిప్రెషన్‌లో ఉన్న మనిషి చికిత్సతో కాస్త లేచి తిరగడం మొదలుపెట్టినప్పుడు మన కాపలా సడలుతుంది. అప్పుడే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మనసు తేలికపడకముందే ఒంట్లోకి సత్తువ వస్తుంది.

ఇప్పుడు మందుల సంగతి. రాత్రి హలోపెరిడాల్ (ఉద్రేకాన్ని, భ్రమలను తగ్గించే మందు) ఇంజెక్షన్ చేసిన కుర్రాడికి ఒక్కోసారి పొద్దునకల్లా మెడ ఒక పక్కకు తిరిగిపోతుంది, కళ్లు పైకి నిలబడిపోతాయి, నాలుక మందమై మాట రాదు. తోడున్న తల్లి దెయ్యం పట్టిందని ఏడుస్తుంది. పక్క బెడ్డువాళ్లు నటిస్తున్నాడంటారు. అది అక్యూట్ డిస్టోనియా, అంటే కండరాలు ఉన్నట్టుండి బిగుసుకుపోవడం, మందు చేసిన పని. డాక్టరుగారు రాయగానే దానికి విరుగుడుగా ప్రోమెథజైన్ ఇంజెక్షన్ ఇస్తే సాధారణంగా త్వరగానే సర్దుకుంటుంది. దాన్ని ముందుగా గుర్తుపట్టాల్సింది మీరే, ఎందుకంటే ఇరవై నాలుగు గంటలూ వార్డులో ఉండేది నర్సులే. లిథియం (మూడ్‌ను నిలకడగా ఉంచే మందు) వాడేవాళ్లకు వాంతులు, విరేచనాలు, చేతుల్లో పెద్దగా వణుకు కనిపిస్తే, మందు ఒంట్లో ఎక్కువై ఉండొచ్చు, "ఏదో తిని పడలేదులే" అని వదిలేయకండి. తర్వాతి డోసు ఇచ్చేముందు డాక్టరును పిలవండి.

నోట్సులో "పేషెంట్ అగ్రెసివ్" అని రాసి సంతకం పెట్టేయడం నాకు అసలు నచ్చదు. ఏం చేశాడు? "ఉదయం 11 గంటలకు, ఇంటికి ఫోన్ చేయనివ్వలేదని గట్టిగా అరిచి కుర్చీ తన్నాడు, పక్కకు తీసుకెళ్లి మాట్లాడాక పావుగంటకు కూర్చున్నాడు" అని రాయండి. మొదటి రకం నోట్సు చదివిన నైట్ డ్యూటీ సిస్టర్ ఆయనకు దూరంగా ఉంటుంది. రెండోది చదివితే ఇంటికి ఫోన్ కలిపి ఇస్తుంది.

పేషెంట్లను కట్టేయడం గురించి కూడా చెప్పాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచే ఒక ఆశ్రమం అంటుకుంటే, గొలుసులతో కట్టి ఉన్న 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. తక్షణం ప్రమాదం ఉండి, ఇంకే దారీ లేనప్పుడే, అదీ సైకియాట్రిస్ట్ అనుమతితోనే పేషెంట్‌ను కట్టి ఉంచొచ్చు. శిక్షగా కట్టకూడదు. స్టాఫ్ చాల్లేదని కట్టడమూ కుదరదని చట్టంలో స్పష్టంగా ఉంది. ఇద్దరు నర్సులతో నలభై బెడ్లు నడిపేచోట ఇది వింటే ఒళ్లు మండుతుంది, నాకూ మండుతుంది. అయితే ఆ కోపం స్టాఫ్‌ను ఇవ్వని పైవాళ్ల మీద చూపించాలి, బెడ్డు మీద ఉన్నవాళ్ల మీద కాదు.

చివరగా, మీ పోస్టింగ్ ఏ తేదీతో ముగుస్తుందో పేషెంట్‌కు మొదటి రోజే చెప్పండి. మధ్యలో ఒకసారి గుర్తుచేయండి. చెప్పాపెట్టకుండా మాయమైతే ఆ మనిషి మళ్లీ ముడుచుకుపోతారు. ఫోన్ నంబర్ అడుగుతారు, సొంత నంబర్ ఇవ్వకండి. డిశ్చార్జ్ అయ్యేవాళ్లకు ఓపీకి మళ్లీ రావాల్సిన తేదీ, మందుల వేళలు, మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 తెలుగులో చీటీ మీద రాసి, వాళ్లకూ ఇంట్లోవాళ్లకూ చదివి వినిపించి చేతికివ్వండి. ఆ నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.