నొక్కిన ఎఫ్8 ఎటు పోయింది?

అందరికీ నమస్కారం.

కొన్నేళ్ల కింద జావా స్వింగ్‌లో (జావాలో విండోలు, బటన్లు తయారుచేసే టూల్‌కిట్) ఒక ఎంట్రీ స్క్రీన్ రాశాను. ఎడమ పక్క రికార్డుల జాబితా, కుడి పక్క వివరాలు, మధ్యలో అటూఇటూ జరుపుకునే గీత. మెనూలో 'సేవ్'కి ఎఫ్8 ఇచ్చాను. నా దగ్గర చక్కగా పనిచేసింది, ఎందుకంటే నేను ప్రతిసారీ పైన టూల్‌బార్‌లో ఉండగానే నొక్కి చూశాను. వాడేవాళ్లు మాత్రం వివరాలు టైప్ చేస్తూనే ఎఫ్8 నొక్కారు. సేవ్ కాలేదు, ఎర్రరూ రాలేదు. అయిపోయిందనుకుని మూసేసినవాళ్లు కొట్టిందంతా మళ్లీ కొట్టాల్సి వచ్చింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

రెండు రోజులు మెనూ కోడ్‌లోనే తప్పు వెతికాను. తప్పు అక్కడ లేదు. మధ్యలో ఆ గీతను ఇచ్చే జేస్ప్లిట్‌పేన్ ఎఫ్6, ఎఫ్8లను ముందే తన పనులకు పెట్టుకుంటుంది. ఎఫ్8 నొక్కితే ఫోకస్, అంటే కీబోర్డు నొక్కులు అందుకునే చోటు, గీత మీదికి వెళ్తుంది, బాణం కీలతో దాన్ని జరపొచ్చు. స్వింగ్‌లో కీ మొదట ఫోకస్ ఉన్న కంట్రోల్‌కి (టెక్స్ట్ బాక్స్, బటన్ లాంటిది) అందుతుంది, తర్వాత దాని చుట్టూ ఉన్న పేన్‌లకి, ఎవరూ తీసుకోకపోతేనే మెనూకి. నా ఎఫ్8 దారిలోనే ఖర్చైపోయింది.

సరే, తీసేద్దామని ఏ కీకి ఏ పని పేరో రాసుండే ఇన్‌పుట్ మ్యాప్‌లో ఎఫ్8కి నల్ (అంటే 'ఏమీ లేదు') పెట్టాను. ఏమీ మారలేదు! ఇక్కడ చాలామంది పడతారు. ఆ మ్యాప్‌కి రెండు పొరలుంటాయి. పైది మనది, కిందది స్వింగ్ రూపురేఖలు చూసే లుక్ అండ్ ఫీల్ వేసింది. నల్ పెడితే పై పొరలో ఉన్నది మాత్రమే పోతుంది, వెతుకులాట కింది పొరకి దిగి పాత పనినే పట్టుకొస్తుంది. నల్ బదులు "నన్" (none) అని, ఏ పనీ లేని పేరు పెట్టాలి. అప్పుడు వెతుకులాట పైనే ఆగుతుంది, చేయాల్సిన పని దొరకదు, కీ ముందుకు సాగి మెనూకి చేరుతుంది.

ఒక్కోసారి కీని తీసేయక్కర్లేదు, వేరే పనికి మళ్లిస్తే చాలు. స్వింగ్‌లో గడుల పట్టికైన జేటేబుల్‌లో ఎంటర్ కొడితే కింది వరుసకి పోతుంది. డేటా కొట్టేవాళ్లకి పక్క గడి కావాలి. ఇన్‌పుట్ మ్యాప్ కీకి ఒక పేరు ఇస్తుంది, యాక్షన్ మ్యాప్ ఆ పేరుకి పని ఇస్తుంది. పక్క గడికి వెళ్లే పని ట్యాబ్ కోసం ఇప్పటికే ఉంది. ఎంటర్‌కి అదే పేరు కట్టండి. ఒక్క లైను. కొత్త కోడ్ రాయొద్దు.

మిగతా టూల్‌కిట్లలోనూ ఇలాంటి దారులున్నాయి. క్యూటీలో షార్ట్‌కట్‌ఓవర్‌రైడ్ అనే ఈవెంట్ 'ఈ కీ నీకు కావాలా' అని ముందుగా కంట్రోల్‌ని అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ డబ్ల్యూపీఎఫ్‌లో కీని ఏ పనీ చేయని నాట్‌ఏకమాండ్‌కి కట్టొచ్చు. విండోస్ ఫార్మ్స్‌లో ప్రాసెస్‌సీఎమ్‌డీకీ అనే మెథడ్‌లో మనకి కావాల్సిన కీ పట్టుకుని, మిగతావన్నీ బేస్ క్లాస్‌కి (మన క్లాస్‌కి మూలమైనది) అప్పగించాలి. ఈ అప్పగింత మరిచిపోతే మెనూ షార్ట్‌కట్లే పనిచేయవు.

విండో మొత్తానికి వచ్చే కీలన్నీ ఒక్కచోటే పట్టేసే పద్ధతి మాత్రం నాకు అస్సలు నచ్చదు. మనకి గుర్తులేని అలవాట్లు అందులో కొట్టుకుపోతాయి. 1987లో ఐబీఎం తెచ్చిన సీయూఏ (ప్రోగ్రాములన్నిటికీ కీలు, మెనూలు ఒకే తీరుగా ఉండాలన్న) పద్ధతిలో షిఫ్ట్+ఇన్సర్ట్ అంటే పేస్ట్. విండోస్ టెక్స్ట్ బాక్సుల్లో అది నేటికీ పనిచేస్తుంది, దానికే వేళ్లు అలవాటైనవాళ్లున్నారు. ఇన్సర్ట్‌ని వేరే పనికి వాడుకునేటప్పుడు వాళ్లని మరిచిపోకండి.

ట్యాబ్ విషయంలో ఇంకా జాగ్రత్త. మౌస్ పట్టుకోలేనివాళ్లకి స్క్రీన్‌లో నడిచే దారి అదే. ఫోకస్ ఒక కంట్రోల్‌లో చిక్కుకుని బయటికి రాలేకపోవడాన్ని 2008 నాటి డబ్ల్యూసీఏజీ 2.0 (వికలాంగులూ వాడగలిగేలా వెబ్ పేజీలు తయారుచేయడానికి మార్గదర్శకాలు) కూడా లోపంగానే లెక్కించింది. జేటేబుల్ ట్యాబ్‌ని తన గడుల కోసం వాడుకున్నా, బయటికి రావడానికి కంట్రోల్+ట్యాబ్ ఉంచింది. మీ మార్పు అయ్యాక మౌస్ తీసి పక్కన పెట్టి, టేబుల్‌లోకి వెళ్లి, కంట్రోల్+ట్యాబ్‌తో బయటికి రాగలుగుతున్నారో లేదో చూడండి. ఆ తర్వాత ఎఫ్8 నొక్కండి, ఫోకస్ ప్రతి గడిలో ఉన్నప్పుడూ.